పదమూడడుగుల నాలుగంగుళాలు

అబద్ధమాడటానికి నాకు ఒక్క మాట సరిపోయింది. "లేదు" అన్నాను, అంతే. దాంతో ఒక మనిషికి తన బుర్ర మీదే నమ్మకం పోయింది.

ఆ మనిషి పేరు వర్జిల్. అరవై నాలుగేళ్లు. కాన్సాస్‌లో మా ఊరి పక్కనే ఇల్లు, ముప్పై ఏళ్లుగా సొంత లారీ. నేను పన్నెండేళ్లు బడి బస్సు తోలి, ఇక ఆ పిల్లల గోల పడలేక, స్టెప్ డెక్ తోలడం నేర్చుకుందామని ఆయన దగ్గర చేరాను. స్టెప్ డెక్ అంటే ముందు ఎత్తుగా ఉండి, వెనక మెట్టు దిగినట్టు కిందికి ఉండే ట్రైలర్. మామూలు ట్రైలర్ మీద పెట్టలేనంత ఎత్తు యంత్రాలను ఆ కింది భాగం మీద ఎక్కిస్తాం. "గొలుసు వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు. వంతెన మాత్రం నీకోసం లేచి నిలబడదు అమ్మాయ్, ఎత్తు చూసుకో" అని మొదటి రోజే చెప్పారాయన.

నాలుగు వారాలకే నాకు అన్నీ వచ్చేశాయన్న పొగరెక్కింది.

ఆ రోజు ఓ రైతుకి కొత్త ట్రాక్టర్ చేర్చాలి. ఎక్కించడానికి వీలుగా ట్రైలర్ చక్రాల దగ్గరుండే గాలి తిత్తుల్ని ఖాళీ చేస్తే, ట్రైలర్ నాలుగంగుళాలు కిందికి దిగుతుంది; బయల్దేరేముందు గాలి నింపితే మళ్లీ లేస్తుంది. ట్రాక్టర్ ఎక్కించి గొలుసులు బిగించాం. కాగితాల మీద సంతకం పెట్టడానికి ట్రాక్టర్ల డీలరు ఆఫీసులోకి వెళ్తూ వర్జిల్ గుమ్మం దగ్గర ఆగారు. "గాలి నింపాక కొలువు. ముందు కొలిస్తే కొలవనట్టే."

"సరేలెండి, ఎన్నిసార్లు చెప్తారు" అని విసుక్కున్నాను.

ఎండ మాడ్చేస్తోంది. కొలకర్ర ఎలాగూ చేతిలోనే ఉంది కదా అని అప్పుడే కొలిచేశాను. పదమూడడుగుల నాలుగంగుళాలు. టేపు ముక్క మీద రాసి స్టీరింగు పక్కన అంటించాను. గాలి ఆ తర్వాత నింపాను. మళ్లీ కొలవాలన్న ఆలోచనే రాలేదు.

దారిలో మేం కిందనుంచి వెళ్లాల్సిన రైలు వంతెన ముందు పలక మీద ఎత్తు పదమూడడుగుల ఆరంగుళాలని ఉంది.

"మనదెంత?" పక్క సీట్లోంచి అడిగారు వర్జిల్.

"పదమూడు నాలుగు."

"అయితే మెల్లగా పోనీ."

మెల్లగానే పోనిచ్చాను. వెనక రేకు చీరుకుపోతున్న చప్పుడు వినగానే బ్రేకు తొక్కాను. ట్రాక్టర్ పొగగొట్టం విరిగి పడింది, పైకప్పు అప్పడంలా నలిగిపోయింది.

వర్జిల్ దిగి, ట్రాక్టర్ వంక చూడకుండా నేరుగా చక్రాల దగ్గర వంగి గాలి తిత్తుల్ని చూశారు. "గాలి నింపకముందు కొలిచావు కదూ?"

తలూపాను.

"నేను నీకు చెప్పలేదా?"

నిలదీయడానికి అడిగిన ప్రశ్న కాదది, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఉన్నది చెప్తే అక్కడికక్కడే పనిలోంచి పొమ్మంటారని భయపడ్డాను.

"లేదు. చెప్పలేదు."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టోపీ తీసి బట్టతల రుద్దుకుంటూ, "చెప్పాననుకున్నానే" అన్నారు. ఆయన అన్నకి ఈ వయసులోనే మతిమరుపు మొదలై, చివరికి కట్టుకున్న భార్యని కూడా గుర్తుపట్టలేకపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నోరు మెదపలేదు. పోలీసు వస్తే, "తప్పు నాది. ఈ అమ్మాయికి చెప్పడం మర్చిపోయాను" అని రాయించారు. ఛీ, నేనేం మనిషిని.

మూడు వారాల తర్వాత ఆయన భార్య ఆర్డిస్ ఫోన్ చేసింది. "మార్లా! ఈయన లారీ, ట్రైలర్ అమ్మేస్తానంటున్నారు. సరిగ్గా తినడం కూడా లేదు. నువ్వొకసారి వచ్చి చెప్పవూ, నీ మాటైతే వింటారు."

నా మాటైతే వింటారట. అయినా వెంటనే బయల్దేరానా, లేదు. ధైర్యం కూడగట్టుకునేసరికి రెండు రోజులు పట్టింది.

వెళ్లేసరికి వర్జిల్ షెడ్డులో ఉన్నారు. ఎటు చూసినా టేపు ముక్కలే. స్విచ్ మీద 'ఆర్పు', తలుపు మీద 'తాళం వెయ్యి', సొరుగు మీద 'కళ్లద్దాలు'. అన్నీ ఆయన చేతిరాతే.

"కాఫీ తాగుతావా?" అని, మళ్లీ అనుమానంగా నా మొహంలోకి చూశారు. "ఇందాక ఇచ్చానా?"

"ఇవ్వలేదు, ఇప్పుడే వచ్చాను. వర్జిల్, ఆ రోజు మీరు చెప్పారు. నేనే వినిపించుకోలేదు. మీరడిగితే అబద్ధమాడాను."

చేతిలోని రెంచి బల్ల మీద పెట్టారు. "ఏం చెప్పాను? మాటకి మాట చెప్పు."

"గాలి నింపాక కొలువు, ముందు కొలిస్తే కొలవనట్టే అన్నారు."

"దానికి నువ్వేమన్నావు?"

"ఎన్నిసార్లు చెప్తారని విసుక్కున్నాను."

"ఆఁ, విసుక్కున్నావు. నేను గుమ్మం దగ్గరున్నాను, ఆఫీసులోకి వెళ్తూ." ఆయన బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నారు. "ఇంకోసారి చెప్పు."

చెప్పాను. రెండోసారి చెప్తుంటే ఏడుపాగలేదు.

"లారీ అమ్మకండి" అన్నాను.

"కొన్నవాడు నిన్న సాయంత్రమే తోలుకెళ్లాడు."

నిన్న సాయంత్రం నేను ఇంట్లో కూర్చుని, రేపు వెళ్దాంలే అనుకుంటున్నాను.

ఆయన లేచి స్విచ్ మీది టేపు పీకారు. నేను తలుపు మీది ముక్క పీకబోయాను.

"నువ్వు ముట్టుకోకు" అన్నారు, గొంతు పెంచకుండానే.

ఒక్కొక్కటీ ఆయనే పీక్కుంటూ పోయారు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.