ఆ ఏటి పల్లీల తొక్కు

నేను ఒక పచ్చళ్ళ స్టాండును. మూడు చిన్న స్టీలు గిన్నెలు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక పిడి, అంతే నా ఒళ్ళు. ఇంత చిన్న ఒంటితో ఆరేళ్ళుగా ఒక సందేహాన్ని మోస్తున్నాను. తెలియక జరిగిన పొరపాటును దేవుడు క్షమిస్తాడంటారు. మరి తెలిశాక నోరు మూసుకుని గడిపిన రోజులను ఏం చేస్తాడు?

ఒక కార్ఖానాలో రేకును అచ్చులో నొక్కి నన్ను చేశారు. పిడి అతికినవాడికి ఆ రోజు ఏం తొందరో, మూడో గిన్నె కాస్త ఒరిగింది. సిద్దిపేటలో ఒక సామాన్ల కొట్టువాడు నాకు మెరుపు కాగితం చుట్టాడు. అలా ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు కాగితం విప్పకుండానే నన్ను ఇంకో గృహప్రవేశానికి పంపారు. నాలుగు కొత్త ఇళ్ళు తిరిగాను, ఒక్కదాని గోడ రంగూ చూడలేదు. ఇచ్చేటప్పుడు మనుషులు ఎంతో ప్రేమగా ఇస్తారు. విప్పి చూసే ఓపికే ఉండదు.

ఐదో ఇల్లు సులోచనది. ఆమె కాగితం విప్పింది, చింతపండుతో తోమింది, దేవుడి ముందు పెట్టి బొట్టు పెట్టింది. అయినా చాలాకాలం అటక మీదే ఉన్నాను. నన్ను దించింది ఒక శివరాత్రి నాడు.

పక్కింటి అంబవ్వ ప్రతి శివరాత్రికీ ఒక్కపొద్దు ఉంటుంది. సాయంత్రం దీపం పెట్టాక సులోచన ఇంట్లోనే చిలగడదుంప, వాళ్ళ మాటలో కందగడ్డ, తిని ఉపవాసం విడుస్తుంది. ముప్పై రెండేళ్ళుగా ఒక్కసారీ తప్పలేదని ఆమె గర్వం. ఆ ఏడు సులోచన కూతురు మానస కొత్త మాట తెచ్చింది.

"ఉడకబెట్టిన కందగడ్డ ఎవరు తింటరమ్మా? వేలంత ముక్కలు కోసి కరకర వేయిస్త. ముంచుకొని తింటందుకు సాస్ ఉంటే చాలు."

"సీసాల దాంట్ల ఏమేస్తరో ఎవరికెరుక? ఒక్కపొద్దు ఇడిచేటప్పుడు వద్దు" అంది సులోచన. "ఇంట్లనే చేద్దాం."

అప్పుడు వెతికి నన్ను దించారు. మూడు గిన్నెల్లోకి మూడు రకాలు ఎంచడానికి తల్లీకూతుళ్ళకు గంట పట్టింది. చింతపండు బెల్లం పులుసు అనుకున్నారు, తీపి దుంపకు మళ్ళీ తీపి ఎందుకని మానారు. చివరికి జీలకర్ర పెరుగు ఒకటి, కొత్తిమీర నిమ్మరసం ఒకటి, ఒరిగిన గిన్నెలోకి పల్లీల తొక్కు, అదే పల్లీల పచ్చడి.

ఉపవాసంలో ఉన్నవాళ్ళు వండుతూ రుచి చూడరు. సులోచనా చూడలేదు. రోజూ పల్లీలు రుబ్బే చేయి రోజూ వేసినట్టే నాలుగు ఎల్లిపాయ రెబ్బలు వేసేసింది. ఒక్కపొద్దు విడిచే తిండిలో వెల్లుల్లి పడకూడదు. సీసాను అనుమానించిన మనిషి తన చేతిని అనుమానించలేదు.

పెద్దదని మొదట అంబవ్వకు పెట్టారు. ముక్కుపొడి పీల్చీ పీల్చీ ఆమెకు వాసన ఏనాడో పోయింది. ముక్కను తొక్కులో ముంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "అబ్బ! ఏమున్నదే పిల్లా దీంట్ల? పాణం లేచొచ్చింది." ఆరు ముక్కలు అందులోనే ముంచుకుంది. తరువాత సులోచన ఒక ముక్క ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఆమె దవడ ఆగిపోయింది. ఎల్లిపాయ తగిలింది. అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

మరుసటి ఏడు అంబవ్వ అదే తొక్కు అడిగింది. సులోచన ఎల్లిపాయ లేకుండా చేసింది. అంబవ్వ చప్పరించి, "మంచిగున్నది గని, పోయినేటిది కాదు బిడ్డా" అంది. ఆ పై ఏడు నువ్వులు కలిపింది, ఇంకో ఏడు ఇంగువ, ఆ తరువాత ఎండు కొబ్బరి, నిరుడు మిరియాలు. ప్రతిసారీ ముసలామె ముఖం ఆశగా వంగేది, ముంచేది, మెల్లగా తల అడ్డంగా ఊపేది. "నా నోరే చెడ్డది కావచ్చు" అని తనను తానే తప్పు పట్టుకునేది. ఆ మాటకు సులోచన కళ్ళు దించుకునేది. నా గిన్నెల్లో ఆరేళ్ళు ఎన్ని రుచులు మారాయో! అడిగిన రుచి మాత్రం రాలేదు.

ఈ మాఘంలో అంబవ్వ రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. ఇక ఉపవాసాలు వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె మంచం దిగడం తగ్గింది, తిండీ తగ్గింది.

శివరాత్రి కాని ఒక మామూలు మంగళవారం పొద్దున సులోచన దుంపలు కోసి వేయించింది. ఎల్లిపాయ రెబ్బలు నాలుగు తీసి, ఈసారి చూస్తూ పల్లీల్లో వేసింది. నా గిన్నెల్లో రెండు ఖాళీగానే ఉంచి, నన్ను పట్టుకుని పక్కింటికి నడిచింది.

అంబవ్వను మంచం మీద లేపి కూర్చోబెట్టి, ఆమె చేయి చాచకముందే చెప్పింది. "ఆగవ్వా. దీంట్ల ఎల్లిపాయ ఉన్నది. ఆ ఏడు గూడ ఉండె. నువ్వు తిన్నంక ఎరుకైంది. చెప్పనీకె నోరు రాలే."

అంబవ్వ వేళ్ళు మడుస్తూ ఏవో ఏళ్ళు లెక్కపెట్టుకుంది, మధ్యలో ఆపేసింది.

"అంటే, నా ఒక్కపొద్దు తప్పిందన్నట్టు."

"తప్పిందవ్వా. నా చేతులనే తప్పింది."

"శివయ్యకు నేను చెప్పుకుంట తియ్. ఆయన నా అసొంటోళ్ళను శానమందిని చూసిండు." ఆమె సులోచన వైపు తిరిగింది. "గని ఒక్కటడుగుత. శివరాత్రి ఏడాదికొక్కనాడే గదనే. కడమ దినాలల్ల చేసిపెడితే నీకేమడ్డమొచ్చింది? ఆరేండ్లు నా నోరు చెడ్డదనుకుంట కూసున్న."

ఆ ఆలోచనే సులోచనకు ఇన్నాళ్ళూ రాలేదు. తప్పును దాచడంలో పడి, ఏటా పెట్టదగిన మూడువందల రోజులనూ దాచేసింది. కళ్ళు తుడుచుకుని, ఒక ముక్క తొక్కులో ముంచి ముసలామె చేతికిచ్చింది.

అంబవ్వ నమిలింది. నమలడానికి ఇప్పుడు ఆమెకు చాలాసేపు పడుతుంది. ఇద్దరం ఆమె నోటి వైపే చూస్తున్నాం.

"ఇగో, గిదే" అంది అంబవ్వ. నా పిడి పట్టుకుని నన్ను తన ఒళ్ళోకి లాక్కుంది.