చక్రాల ఇంటికి కొలిమి గోడ

సామ్రాజ్యాల పతనానికి కారణాలు వెదికిన పండితులు, రాణులు పడుకున్న చాపలు తడిగా ఉండేవా పొడిగా ఉండేవా అన్న ప్రశ్నను విస్మరించడం చరిత్రశాస్త్రానికి తీరని లోటు. ఆ లోటు తొంభై ఆరో సంవత్సరం వానల్లో, పొరుగు రాష్ట్రపు ఉక్కునగరం శివారు పారిశ్రామికవాడ హథ్‌ఖోజ్‌లోని ఒక చక్రాల కేబిన్‌లో కొంతవరకు పూడింది.

అది ఏదో కాంట్రాక్టరు పని ముగించి అమ్మేసిన సైటాఫీసు. చిన్న ఇంజనీరింగ్ షెడ్డు నడిపే యజ్ఞనారాయణ దానిని కొని, ఆవరణలో నిలిపి, కాపలాదారు నరసింగరావుకు నివాసంగా ఇచ్చాడు. ఉక్కు కర్మాగారంలో ఇరవయ్యేడేళ్ళు కొలిమిగోడలకు ఇటుకలు పేర్చి, రిటైరై, క్వార్టరు అప్పగించి వచ్చిన నరసింగరావుకు, చక్రాల నడుమ కుక్కలు పడుకునే ఇల్లు గౌరవంగా తోచలేదు. పారేసిన కొలిమి ఇటుకలు తెచ్చి, కేబిన్ అంచునుంచి నేలదాకా నాలుగువైపులా గోడ కట్టేశాడు. ఇటుకల నడుమ పోస్టుకార్డు దూరదు. సందు వదలడం ఆయన వృత్తిధర్మంలో మహాపాతకం.

శ్రావణం నాటికి కేబిన్ లోపలి ప్లైవుడ్ నేల ఉబ్బింది. చాప అడుగున బూజు పట్టింది. భార్య నూకమ్మకు ఆయాసం తిరగబెట్టింది.

"ఏటయ్యా, కొలిమికి కట్టినట్టు కట్టినావు. నేనేటి ఇనుమునా, కరగడానికి?" అంది నూకమ్మ, గోడకు చేరగిలబడి. "దసరా దాకా సూస్తాను. ఈ సెక్క ఆరకపోతే పలాస మా అన్న కాడికి ఎల్లిపోతాను. నువ్వు నీ గోడా ఉండండి."

ఆమె పెట్టె సర్దడం మొదలుపెట్టాక గాని నరసింగరావు యజమాని దగ్గరకు పోలేదు. యజ్ఞనారాయణ వంగి గోడను చూశాడు, చాలాసేపు చూశాడు.

"నేల రాత్రీ పగలూ ఆవిరి వదులుతూనే ఉంటుంది, నరసింగరావూ. మీరు దానికి మూత పెట్టారు. మట్టిమీద మందపు పాలిథిన్ పరవండి. ఎదురెదురుగా గోడకు కన్నాలు పెట్టండి, గాలి ఆడాలి."

"ఇరవయ్యేడేళ్ళు కన్నం ఒగ్గనేదు సార్. ఇప్పుడు నా సేత్తో ఒగ్గమంటారేటి?"

"కొలిమిలో వేడి బయటికి పోకూడదు. ఇక్కడ తడి పోవాలి."

ఆ వాక్యాన్ని జీర్ణించుకోవడానికి ఆయనకు రెండు వారాలు పట్టింది. పిమ్మట ఊళ్ళోని పవర్ హౌస్ బజారులో నల్ల పాలిథిన్ కొన్నాడు. దారి చేసుకోవడానికి ఒక మూల విప్పి, బోర్లా పాకుతూ, మోకాళ్ళు ఎన్నిసార్లు మొరాయించినా, అంచుమీద అంచు వేసి పరిచాడు. ఎగువన వాననీటికి కాలువ తవ్వాడు. విప్పిన మూల మళ్ళీ కట్టి, చివరికి ఒక్కో వైపూ రెండేసి ఇటుకలు ఉలితో ఊడదీశాడు. ఒక్కొక్కటి ఊడినప్పుడల్లా, దహనసంస్కారానికి వచ్చినవాడిలా కొంతసేపు కూర్చున్నాడు. ఎలుకలు దూరకుండా కన్నాలకు జాలీ బిగించాడు.

దసరా ముందురోజు నూకమ్మ చెప్పులు విడిచి, గది నాలుగు మూలలా పాదం అదిమి చూసింది. చాప పరిచి, పడుకుని, అటునుంచి ఇటు తిరిగింది.

"ఆరినాది," అంది నీరసంగా. లేచి, పెట్టెను మొగుడి వైపు తోసి, "పెట్టెలో సీరలు తీసి దండెం మీద ఎయ్యి," అంది.

అగ్నిని ఏలిన చేతులే భూగర్భాన్నీ జయించాయని నరసింగరావు టీకొట్టు దగ్గర నలుగురికీ చెప్పాడు. అందరూ ఒప్పుకున్నారు.

ఆ ఏటి ఆఖరి వాన కురిసి అప్పటికి పద్దెనిమిది రోజులైంది.