గాలం పాట

రాజమల్లయ్య బెంగుళూరు నుంచి తిరిగొచ్చాక సిద్దిపేట కల్లు దుకాణంలో రోజూ ఒకటే గోల. ఇటలీ పాట పాడమని. యుద్ధం రోజుల్లో అతను అక్కడి ఇటలీ ఖైదీల క్యాంపులో వంటపని చేశాడు. హిందుస్తానీ కొంచెం తెలిసిన ఒక ఖైదీ ఆ పాట నేర్పి, అర్థం కూడా చెప్పాడు. ఇప్పుడు రాజమల్లయ్యకు చలిజ్వరం పూర్తిగా తగ్గలేదు, గొంతులో సత్తువ లేదు. వద్దన్నా వినేవాళ్లు కారు. పాడేవాడు.

"గా పాటల 'ఆమో' అంటే ఏందన్నా?" అని ఒకడు అడిగాడు.

"నీ మీద మనసున్నదని."

ఈ సంగతి నాట్లకు పోయిన చోట అతని భార్య రామవ్వ చెవిన పడింది. సాయంత్రం ఇంటికొచ్చి, నడుం వాల్చకుండానే పొయ్యి రాజేసింది.

"మనసున్నదని ఊరంతటికి చెప్తున్నవంట. నాకెన్నడన్న చెప్పినవా?"

రాజమల్లయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

"గా మాటకు ఇంకో అర్థమున్నదే. చాపలు పట్టే గాలాన్ని గూడ వాళ్లు ఆమో అనే అంటరు. గా పాటల ఒక బెస్తోడు గాలం చూపెట్టి 'ఆమో' అంటడు. పిల్ల మనసున్నదనుకొని దగ్గరికొస్తది. పాట గాడికి రాంగనే ఖైదీలందరు నవ్వెటోళ్లు. నాకు నేర్పినాయన ఒక్కడే నవ్వకపోతుండె. ఇంటికాడ ఆయన పెండ్లాం ఎదురుచూసి చూసి, ఇంకొకని తోని పోయిందట."

రామవ్వ పొయ్యి మీది జొన్న గట్కను అడుగంటకుండా కలియబెట్టింది.

"నువ్వు బుచ్చిరాములు తోని బొంబాయి పోతున్నవట గద," అంది. బుచ్చిరాములు మిల్లు పనికి మనుషులను తీసుకుపోయే మేస్త్రి.

"పోదామనుకున్న."

"నువ్వు లేనన్ని దినాలు ఒక్కదాన్నే కూలికి పోయిన. జరమొస్తే నీళ్లిచ్చే దిక్కు లేకుండె. గా గాలం నా గొంతుల ఉన్నదయ్యా. మల్ల గుంజకు. ఉంటె ఉండు, లేకుంటె తెంపుకొని పో."

కోపంగా అనలేదు. కోప్పడే ఓపిక కూడా ఆమెలో మిగల్లేదు. అది చూసి అతనికి భయం వేసింది.

తెల్లవారి మేస్త్రి ఇంటికి వెళ్లి రానని చెప్పాడు. బుచ్చిరాములు నోటికొచ్చినట్టు తిట్టాడు. రాజమల్లయ్య ఆ తిట్లు పడ్డాడు. అక్కణ్ణుంచి చిన్నకోడూరు దాకా నడిచి ఒక రైతు దగ్గర బావి మీద మోట తోలే పనికి కుదిరాడు.

పొద్దు గూకే వేళ ఇల్లు చేరేసరికి రామవ్వ గడప పక్కనే ఒరిగి నిద్రపోతోంది. కాళ్లకు పొలం బురద అలాగే ఉంది. లేపబుద్ధి కాలేదు. పొయ్యి తనే రాజేసి గట్క వండాడు. ఆమె లేచేదాకా తినకుండా పక్కనే కూర్చున్నాడు.