గుడివాడ నుంచి వచ్చిన కంప్యూటర్

నరసింహాన్ని వంకాయలకు పంపితే, వంకాయలతోపాటు అమ్మినవాడి కష్టాలు కూడా సంచిలో వేసుకొస్తాడు. వంకాయల్లో సగం పుచ్చులుంటాయి. కష్టాల్లో మాత్రం ఒక్కటీ పుచ్చు ఉండదు, అన్నీ నిఖార్సయినవే. అలాంటి మొగుణ్ణి కంప్యూటర్ కొనుక్కురమ్మని గుడివాడ పంపినందుకు ముందు తనను అనాలి అనుకుంటూ, కనకరత్నం కుంకుడుకాయ రసంలో పాత గొలుసుల్ని ముంచింది.

చిలకలపూడిలో ఆ వీధి వీధంతా రోల్డుగోల్డు పనే. నరసింహం నగలకు పూత వేసే కార్ఖానాలో పనిచేస్తాడు. మెరుపు పోయి మళ్ళీ పూతకు వచ్చిన పాత నగలను శుభ్రం చేయడం కనకరత్నం పని. పెరటి వసారాలో ఒక పీట, రెండు గిన్నెలు, అరిగిపోయిన పళ్ళ బ్రష్షు, ఇదీ ఆవిడ ఆఫీసు. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే నల్లదారంతో కట్టుకుంది. గొలుసు లంకెల మధ్య ఎవరిదో చెమట, ఎవరి మెడదో పసుపు, ఒక్కోసారి పొడుగాటి వెంట్రుక ఒకటి. అన్నీ పోవాలి. పాతది ఆనవాలు లేకుండా పోతేగాని కొత్త పూత పట్టదు. రోజంతా తడిలో నాని ఆమె వేలి కొసలు తెల్లగా, ముడతలుపడి, నీళ్ళల్లో చాలాసేపు ఉండిపోయిన మనిషి వేళ్ళలా ఉంటాయి. ఆమె వాటివంక ఎక్కువసేపు చూడదు.

కంప్యూటర్ గొడవ కూతురు దివ్యశ్రీ డిగ్రీలో చేరినప్పటి నుంచీ ఉన్నదే. కాలేజీలో ఒక్కో మిషన్ ముందు నలుగురేసి కూర్చుంటారట. దీని చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళేలోపు గంట కొట్టేస్తారట. కోనేరు సెంటర్ దగ్గర కంప్యూటర్లు బిగించి అమ్మే సుహైల్‌ని అడిగితే, చిట్టీ పాడిన డబ్బుకు కొత్తదయితే మానిటర్ వస్తుంది, దానికి తగిలించే పెట్టె రాదన్నాడు. "పోనీ ఈ ఏడాది మానిటర్ చూస్తూ కూర్చోండి బాబాయ్" అని నవ్వాడు. నరసింహం నవ్వలేదు. నిజంగానే ఆలోచించాడు. అది చూసి జాలేసి సుహైలే చెప్పాడు, గుడివాడలో గోవర్ధనరావుగారి ఇంట్లో ఒకటుందని. కొని రెండు మూడేళ్ళయిందంతే. యూపీఎస్, స్పీకర్లు, మైకు, చక్రాల బల్ల, అన్నీ కలిపి కొత్త మానిటర్ ధరకే ఇచ్చేస్తారట.

అంత చవగ్గా ఎందుకిస్తున్నారని అడగాల్సినవాడు అడగలేదు. నిన్న సాయంత్రం ట్రాలీ ఆటోలోంచి అన్నీ దించి, మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు.

"వాళ్ళబ్బాయిదిటే. ఒక్కగానొక్కడు. పామర్రు రోడ్డు మీద లారీ గుద్దేసిందట. ఆయన ప్లగ్గు పీకబోతే చెయ్యి ఆడలేదు కనకం. నేనే పీకాను."

"ఆ ముక్క అక్కడే తెలిసిందిగా? వద్దని వచ్చెయ్యలేకపోయారా?"

"అంత దూరం వెళ్ళి వద్దంటే, పాపం, ఆయనేమనుకుంటాడు?"

మళ్ళీ వంకాయలే, అనుకుంది కనకరత్నం.

స్విచ్చి వేస్తే నీలం తెర మీద పసుపుపచ్చ బాతు బొమ్మ, పక్కన ఇంగ్లీషులో పేరు వచ్చాయి. శ్రీకృష్ణ, ఆ అబ్బాయి పేరు. దివ్యశ్రీ దాన్ని నొక్కి, అటూ ఇటూ వెతికి, ఏదో తెరిచింది. స్పీకర్లోంచి గరగరమని చప్పుడు, ఆ వెనకే కొంచెం బొంగురుగా మగపిల్లాడి గొంతు.

"హలో, హలో. మైక్ టెస్టింగ్. అమ్మా, ఏదన్నా మాట్లాడవే."

దూరంగా, వంటింట్లోంచి కాబోలు, ఆడమనిషి గొంతు. "ఏం మాట్లాడనురా? నీ మైకు తగలెయ్య, ఇక్కడ పప్పు మాడిపోతోంది."

ఇద్దరూ నవ్వారు. రికార్డింగులో ఆ నవ్వు పూర్తి కాకముందే తెగిపోయింది. కనకరత్నం అప్రయత్నంగా తన వంటింటివైపు చూసింది. అక్కడెవరూ లేరు. పొయ్యి మీద గిన్నె కూడా లేదు. అయినా మాడువాసన వచ్చినట్టే అనిపించింది.

రాత్రంతా ఆ తెగిన నవ్వు పక్కగదిలో ఎక్కడో మిగిలే ఉన్నట్టనిపించి ఆమెకు సరిగా నిద్రపట్టలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు భర్త చేతికిస్తూ చెప్పేసింది.

"సుహైల్‌ని రమ్మనండి. అందులో ఉన్నదంతా తీసెయ్యమనండి."

"వాళ్ళనొక మాట అడుగుదామే."

"గొలుసు కడిగేముందు ఎవర్నన్నా అడుగుతున్నామా? అమ్మేశాక అడిగేదేంటి?"

"గొలుసు వేరు కనకం."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. సైకిలెక్కి సుహైల్‌కి కబురు చెప్పి, అటునుంచటే కార్ఖానాకు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా రాలేదు.

కనకరత్నం పుట్టిల్లు దివిసీమ. నాగాయలంక దిగువన ఒక పల్లె. ఉప్పెన వచ్చిననాటికి పరికిణీ, ఓణీ వేసుకునే వయసు. నాయనమ్మా, తనూ మిగిలారు. నీళ్ళు తీశాక ఇంట్లో నీళ్ళు తెచ్చుకోవడానికి చెంబు కూడా లేదు. తుమ్మకంపకు చిక్కుకుని ఒక ఇత్తడి బిందె కనిపించింది. దాని మెడమీద ఎవరో ఇల్లాలి పేరు చెక్కి ఉంది, కింద ఊరి పేరుతో సహా. నాయనమ్మ ఆ బిందెను ఒళ్ళో పెట్టుకుని ఒక పూటంతా రాయితో అరగదీసింది. పేరున్నంతసేపూ వస్తువు వాళ్ళదేనే, వాళ్ళు దానికోసం వస్తారు, అంది. పేరు పోయాకే అందులో నీళ్ళు ముంచనిచ్చింది. బిందె కోసం ఎవరూ రాలేదు. ఆ ఊళ్ళో రావడానికి ఎవరూ మిగల్లేదని కనకరత్నానికి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. కానీ అప్పటికే అలవాటు ఒంటపట్టేసింది. పాత వస్తువేది గుమ్మం దాటి వచ్చినా ముందు దాన్ని దాని మనుషుల నుంచి విడదీయాలి.

సుహైల్ సీడీల సంచీ చంకన పెట్టుకుని వచ్చాడు. మెత్తని మనిషి. మాట్లాడేముందు ఒకసారి గొంతు సవరించుకుంటాడు.

"పిన్నిగారూ, ఆ అబ్బాయి పాటలూ గొంతూ ఏవో ఉన్నట్టున్నాయి. ఒక సీడీలో ఎక్కించి పక్కన పెట్టనా? ఎంతోసేపు పట్టదు."

"ఏం చేసుకోను? నాకొద్దు."

"మీక్కాదు. ఎప్పుడన్నా వాళ్ళడిగితే... నేనొకసారి నొక్కానంటే, తర్వాత రమ్మన్నా రాదు."

"రాకూడదనేగా నిన్ను పిలిచింది."

సుహైల్ గొంతు సవరించుకుని, నొక్కాడు. తెర నల్లబడింది. అన్నీ కొత్తగా ఎక్కించి, ఆన్ చేసి చూపించి వెళ్ళేసరికి బాతు లేదు, పేరు లేదు. ఆకుపచ్చటి గుట్ట, పైన మబ్బులు. మనిషి జాడలేని చోటు. కనకరత్నం తడిబట్టతో కీబోర్డు మీద ఒక్కో మీటా తుడిచింది. కొన్ని మీటల మీద అక్షరాలు సగం అరిగి ఉన్నాయి. వాటిని మరీ గట్టిగా తుడిచింది.

పొద్దు వాలుతుండగా గేటు చప్పుడైంది. సన్నటి మనిషి, ఉతికి ఇస్త్రీ చేసిన నేతచీర, చేతిలో బట్టలకొట్టు సంచీ. చెప్పులు విడిచి, రెండూ దగ్గరగా సర్ది లోపలికి వచ్చింది.

"సుహైల్ కొట్లో కుర్రాణ్ణి అడిగి వచ్చానమ్మా. నా పేరు సౌభాగ్యమ్మ. గోవర్ధనరావుగారి భార్యని."

కనకరత్నం తడిచేతులు చీర చెంగుకు తుడుచుకుంది. తుడుస్తూనే ఉంది.

"కూర్చోండి వదినగారూ. దివ్యా, మంచినీళ్ళు."

"తోట్లవల్లూరు మా చెల్లెలింటికి వెళ్ళానమ్మా. వచ్చేసరికి దీన్ని పంపించేశారు. ఆయన్ని అననులే. రోజూ మధ్యాహ్నం అది వేసుకుని నేను అదేపనిగా వింటుంటే, నాకు పిచ్చెక్కుతుందని భయపడ్డారు." ఆమె సంచీలోంచి ఒక తొడుగు తీసింది. "ఇది ఇవ్వడం మర్చిపోయారు. దుమ్ము పడకుండా మానిటర్‌కి నేనే కుట్టాను, వాడి పాత చొక్కాలతో. ఇచ్చేసి పోదామని... అదొక్కటే కాదనుకో. ఫోటోలు ఇంట్లో ఉన్నాయి. గొంతు ఇందులోనే ఉండిపోయింది. ఒక్కసారి విని వెళ్ళిపోతానమ్మా. మళ్ళీ రాను."

కనకరత్నం పక్కకు తప్పుకుంది. సౌభాగ్యమ్మ వేలు ఆ పెట్టె మీటను చూడకుండానే వెతికి నొక్కింది. తెర వెలిగింది. ఆకుపచ్చటి గుట్ట వచ్చింది. ఆమె ఇంకా ఏదో వస్తుందని కాసేపు చూసింది.

"బాతుబొమ్మ వచ్చేదమ్మా ముందు."

దివ్యశ్రీ గోడకేసి చూస్తోంది. కనకరత్నం నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"దారిలో కుదుపులకు పాడైపోయిందండీ. అన్నీ పోయాయి. కొత్తగా ఎక్కించాడు సుహైల్."

సౌభాగ్యమ్మ తల ఊపింది. ఒకసారి కాదు, చాలాసార్లు. "వస్తువు కదా. పోతుంది" అంది. తర్వాత, "పాడవకముందు మీరేమన్నా విన్నారా?" అని అడిగింది.

"విన్నాను."

"ఎలా ఉంది వాడి గొంతు?"

కన్నతల్లి తనను అడుగుతోంది. కనకరత్నం కళ్ళజోడు తీసింది. "కొంచెం బొంగురుగా... జలుబు చేసినట్టు. హలో హలో అన్నాడు. ఏదన్నా మాట్లాడవే అన్నాడు మిమ్మల్ని. పప్పు మాడిపోతోందన్నారు మీరు. ఇద్దరూ నవ్వారు."

"మాడిందమ్మా ఆ రోజు, నిజంగానే." సౌభాగ్యమ్మ ముఖంలో నవ్వు వచ్చి కాసేపు ఆగింది. "ఆ మాడుపప్పే తిన్నాడు వెధవ, వంక పెడుతూ, రెండోసారి వేయించుకుని." ఆమె లేచి కనకరత్నం రెండు చేతులూ పట్టుకుంది. నానిన ఆ వేళ్ళను అంత గట్టిగా ఎవరూ ఎన్నడూ పట్టుకోలేదు. "విన్నదాన్ని విన్నట్టు చెప్పావు. నీ మేలు మర్చిపోను చెల్లెమ్మా."

ఆమె గుమ్మం దాటింది. చెప్పులు వేసుకుంది. గేటు గడియ తీసింది. అటునుంచి నరసింహం సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు. కనకరత్నం ఉత్తకాళ్ళతో గేటు దాకా పరుగెత్తింది.

"వదినగారూ! పాడవలేదు. నేనే తీసేయించాను. ఈయన వద్దన్నారు. ఆ సుహైల్ సీడీలో దాచి ఇస్తానన్నాడు. నేనే వినలేదు. తప్పు చేశాను, తప్పు నాదే."

వీధిలో ఎవరో తలుపు తీసి చూశారు. సౌభాగ్యమ్మ ఆమె ముఖంలోకి చూసింది. నరసింహం ముఖంలోకీ చూసింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, రైల్వే స్టేషన్ వైపు, నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

లోపల కుర్చీ మీద చొక్కాల తొడుగు ఆమె పెట్టిన మడతలోనే ఉంది. చొక్కా జేబును కత్తిరించకుండా అలాగే ఉంచి కుట్టింది. ఆ జేబుకు గుండీ పెట్టే ఉంది.