పొద్దుటి నీడ

చేపలు కోసి, ఉప్పు పట్టించి, ఇసుక మీద ఆరబోసేసరికి చినమూలపాళెం ఆడవాళ్ళకి నడుములు పడిపోతాయి. అప్పుడు ఎవరింటి నీడలోకి వాళ్ళు పోయి కాసేపు చేరగిలబడతారు. ఇళ్ళంటూ ఏమీ లేవు. కార్తీకంలో వచ్చిన తుఫాను సముద్రం వైపు వరసనంతా ఊడ్చుకుపోయింది. గోడలు, కప్పులు, తలుపులు అన్నీ పోయాయి గానీ నీడలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇళ్ళున్నప్పటి లాగే పొద్దున పడమటికి సాగి, మధ్యాహ్నానికి ముడుచుకుని, సాయంత్రానికి సముద్రం వైపు తిరిగేవి. వలలు బాగుచేసుకునేవాళ్ళు అందులోనే బాగుచేసుకునేవాళ్ళు, కునుకు తీసేవాళ్ళు తీసేవాళ్ళు. చీకటి పడితే అందరూ తుఫాను షెల్టరుకి పోవాల్సిందే. నీడ ఎండనైతే ఆపుతుంది గానీ మంచుని ఆపదు కదా.

విజయకుమారి తన నీడలో ఎప్పుడూ కునుకు తియ్యలేదు. ఆమెకి అనుమానం జాస్తి. చేప మొప్ప ఎత్తి చూసినట్టు మనిషి మాటని కూడా ఎత్తి చూస్తుందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. మొగుడు వేటకి పోయి తిరిగిరాకపోయాక ఆ గుణం మరీ ముదిరింది. ఒంటరి ఆడదానికి అదొక్కటే తలుపు గడియ అని ఆమె నమ్మకం.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఒడ్డు నుంచి పెద్దవల లాగే రోజున గట్టిగా కేక వేస్తారు. ఆ కేక ఏ గడపకి వినబడితే ఆ గడపకి తాడు పట్టే హక్కు ఉన్నట్టు. తాడు పట్టినవాళ్ళకి చేపల్లో వాటా. ఇంట్లో మగదిక్కు ఉందా లేదా అని ఎవరూ అడగరు. కేక అందనంత దూరాన కాపురం ఉండేవాళ్ళు పరిగెత్తుకొచ్చినా ఆ వాటా దక్కదు. విజయకుమారి, వెంకటాచలం ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకునే ఆమె కూతురు అనూష, ఇద్దరూ ఆ కేక మీదే బతుకుతున్నారు.

అటువంటి ఊరికి నెల్లూరు నుంచి ‘గొడుగు’ అనే సంస్థ వచ్చింది. సంస్థంటే మరీ పెద్దదేమీ కాదు. పాత వ్యాను ఒకటి, కొద్దిమంది మేస్త్రీలు, వాళ్ళని నడిపించే సుశీల్ కుమార్ అనే సన్నటి మనిషి. ఇల్లు పోయిన వాళ్ళందరికీ సిమెంటు ఇళ్ళు ఊరికే కట్టిస్తామన్నాడు. ఆ ‘ఊరికే’ దగ్గరే విజయకుమారికి తేడా కొట్టింది. ఈ కాలంలో ఉప్పురాయి కూడా ఊరికే రాదు, ఇల్లెట్లా వస్తుంది?

ఊరి పెద్దకాపు చిన్నపోలయ్య అందరినీ కూర్చోబెట్టి దురాయి వేశాడు. దురాయంటే ఆ తీరాన తిరుగులేని మాట, వేసినవాడు కూడా దాన్ని దాటడానికి లేదు. పునాదికి ముగ్గు పోసే వేళకి నీడ ఎక్కడుంటే ఇల్లు అక్కడే, అదీ దురాయి. న్యాయంగానే ఉందని అందరూ తలలూపారు.

మొదట పక్కింటి ముసలమ్మ ఇంటికి ముగ్గు పోశారు. వ్యాను వచ్చేసరికి సూర్యుడింకా నీళ్ళు వదిలి పైకి వచ్చీరాకుండా ఉన్నాడు. ఆ వేళకి ముసలమ్మ ఇంటి నీడ ఇసుకంతా దాటి, తారురోడ్డు దాటి, అవతలి తుమ్మచెట్ల దాకా సాగింది. ముగ్గు అక్కడే పడింది. బస్సు దగ్గరైందని ముసలమ్మ సంబరపడింది. తర్వాతి ఇళ్ళకీ అదే వేళకి వచ్చారు, అవీ రోడ్డు దాటాయి. విజయకుమారి ఒకసారి ఆ తుమ్మచెట్ల దగ్గర నిలబడి చెవులు రిక్కించింది. రొయ్యల లారీల మోత తప్ప ఏమీ వినబడలేదు. ఒడ్డున వేసే కేక ఇక్కడికి అందదు.

పొద్దున్నే ఎందుకు వస్తున్నారు? ఒడ్డు ఖాళీ అయితే ఎవరికి లాభం? చిన్నపోలయ్యనే పోయి అడిగింది.

“వాళ్ళ సంస్థ పద్ధతంట మే. ఇచ్చేవాళ్ళతో గొడవెందుకు? కోపమొస్తే ఇటుకలెత్తుకుని పోతారు,” అన్నాడాయన.

దాంతో ఆమె అనుమానమంతా సుశీల్ కుమార్ మీదికి తిరిగింది. అతను టార్పాలిన్ ఇస్తే తీసుకోలేదు. అక్కా అని పలకరిస్తే మొహం తిప్పుకుంది. అతన్నే సూటిగా అడగొచ్చుగా అని ముసలమ్మ అంటే, అడిగితే నిజం చెప్పేవాడు ఈ పని ఎందుకు చేస్తాడని కొట్టిపారేసింది. అతని నవ్వు చూసినా, అతను మేస్త్రీలతో మెల్లగా మాట్లాడటం చూసినా ఆమెకి ఒళ్ళు మండేది.

ఇక తన నీడకి తనే కాపలా కూర్చుంది. పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా అందులోంచి కదలలేదు. నీడ ఎటు జరిగితే చాపని అటు లాక్కునేది. వంట అందులోనే, చేపలు ఆరబెట్టడం దాని అంచునే. అట్లా కూర్చోగా కూర్చోగా ఆ నీడ ఆమెకి మాలిమి అయిపోయింది. సూర్యుడి వెంట తిరగడం మానేసి ఆమె వెంట తిరగసాగింది. కుళాయి దగ్గరికి ఆమె వస్తే బిందెలతో నిలబడ్డ వాళ్ళందరికీ చల్లగా ఉండేది. కాసేపుండి పొమ్మని బతిమాలుకునేవాళ్ళు. విజయకుమారి మాత్రం బిందె నిండగానే వెనక్కి పోయేది. స్థలంలో నీడ లేదు కాబట్టి ఇల్లూ లేదంటారేమోనని ఆమె భయం.

ఆమె వంతు వచ్చిన పొద్దున అందరూ రోడ్డు పక్కన వ్యాను దగ్గర చేరారు. విజయకుమారి కూడా వచ్చింది, నీడ కూడా వచ్చింది. చిన్నపోలయ్య మొహం విప్పారింది. మంచి చోటే నిలబడినావు, రోడ్డు దాటి ఇంకో నాలుగడుగులు వేస్తే అందరి పక్కనా ఉంటావని తియ్యగా చెప్పాడు. సుశీల్ కుమార్ ముగ్గు బక్కెట్టు పట్టుకుని నిలబడ్డాడు. విజయకుమారి ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఇతన్నీ చూసింది. ఇద్దరూ పెద్దమనుషుల్లాగే ఉన్నారు. ఆమె వెనక్కి తిరిగి సముద్రం వైపు నడిచింది.

నీడ ఆమెతోనే కదిలింది. ఆడవాళ్ళు వెనక నడిచారు, బక్కెట్టుతో సుశీల్ కుమార్ నడిచాడు. తన పాత ఇల్లున్న చోటికి వచ్చి ఆమె ఆగింది. చిన్నపోలయ్య ఆయాసపడుతూ వచ్చిపడ్డాడు.

“ఈడ కాదు మే. ఈ వరస రొయ్యపిల్లల హేచరీ వాళ్ళకి మాటిచ్చేసినా,” అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.



“ఏ హేచరీ పెద్దయ్యా?” అన్నాడు సుశీల్ కుమార్. “పొద్దుటి నీడే ఇంటి నీడ, అది మా ఊరి ఆచారమని మీరే గదా చెప్పింది? అందుకే గదా చీకటితో లేచి వస్తా ఉండాం?”

“మా ఆచారమా?” ముసలమ్మ నోరెళ్ళబెట్టింది. “మీ సంస్థ పద్ధతని మాకు పెద్దకాపు చెప్పినాడే.”

ఊరి ఆచారమని సంస్థ వాళ్ళు గౌరవించారు. సంస్థ పద్ధతని ఊరివాళ్ళు సర్దుకున్నారు. ఒకరినొకరు ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. విజయకుమారికి సిగ్గుతో మొహం కాలిపోయింది. ఇన్నాళ్ళూ అంత కాపలా కాసి, అనుమానించాల్సింది ఒకరినైతే అనుమానించింది ఇంకొకరిని.

“ముగ్గు పోసే వేళకి నీడ యాడుంటే ఇల్లు ఆడే,” అంది చిన్నపోలయ్యతో. “దురాయి నీదే పెదనాయనా.”

ఆయన కండువా భుజం మార్చుకుని, ఎవరినీ చూడకుండా ఊళ్ళోకి పోయాడు. పునాదులు తవ్వని ఇళ్ళకి మిట్టమధ్యాహ్నం వచ్చి మళ్ళీ ముగ్గు పోస్తామని సుశీల్ కుమార్ అందరికీ చెప్పాడు. ముసలమ్మకి అప్పటికే పునాది లేచిపోయింది. తాడు లాగే ఓపిక తనకెట్లాగూ లేదని ఆమె అంది గానీ, కళ్ళు తుడుచుకుంటూ అంది.

విజయకుమారి నీడ నడుమ నిలబడింది. సుశీల్ కుమార్ వంగి చుట్టూ ముగ్గు పోసుకుంటూ వచ్చి, వాకిలి ఎటని అడిగాడు. ఆమె సముద్రం వైపు చూపించింది. అటు మనిషి పట్టేంత సందు వదిలాడు. మేస్త్రీలు పలుగుల కోసం వ్యాను దగ్గరికి పోయారు.

సరిగ్గా అప్పుడు ఒడ్డు నుంచి పెద్దవల కేక లేచింది.

ఆడవాళ్ళంతా పరిగెత్తారు. విజయకుమారి కాలు ముందుకు పడింది, ఆగిపోయింది. తను పోతే నీడ వెంట వస్తుంది. పలుగు దిగకముందే నీడ కదిలిపోతే, తవ్వని ముగ్గు ముగ్గే కాదని చిన్నపోలయ్య రేపే పంచాయితీ పెడతాడు. పోకపోతే ఈ పూట వాటా పోతుంది, అనూషకి పంపేదేమీ ఉండదు. రెండో కేక కూడా వేశారు.

సుశీల్ కుమార్ చెప్పులు బయట విడిచి, ముగ్గు తొక్కకుండా లోపలికి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

“నువ్వు పో అక్కా. తవ్వేదాకా నీడకి నేను కాపలా ఉంటా.”

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ మొహాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చీకటితో లేచి లేచి కళ్ళ కింద నల్లబడి ఉంది. అడగాల్సిన ప్రశ్నలు చాలానే నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ అడగలేదు. కొంగు నడుముకి దోపుకుని వాకిలి సందులోంచి బయటికి నడిచింది.

తాడు చేతికి అందేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.