నుమీసియుస్ ఇంటి మైనపు ముఖాలు

ఆ ఇంటి ఇల్లాలు సెస్తియా గోడ అల్మారా తలుపులు తీసి, మైనపు ముఖాల మీది దుమ్మును మెత్తని ఉన్నిగుడ్డతో తుడుస్తోంది. నుమీసియుస్ వంశంలో పెద్ద పదవులు చేసి పోయినవాళ్ల ముఖాల అచ్చులవి.

"ఈయన ముక్కు మరీ అరిగిపోయిందమ్మా," అంది పక్కన తనూ తుడుస్తున్న దాసి డోరిస్.

"మెల్లగా తుడవ్వే. కాన్సుల్ చేసినాయన, దాన్ని మించిన పదవి లేదు."

వసంతంలో పెద్దకొడుకు జ్వరంతో పోయాడు. ఈ ముఖాలకు ఇక వారసుడు లేడు. చిన్నవాడు లూసియుస్ ఉన్నాడు గానీ, ఇద్దరినీ పదవులకు నిలబెట్టే స్తోమత లేక, చిన్నతనంలోనే అతన్ని పిల్లల్లేని లార్సియుస్ ఇంటికి దత్తత ఇచ్చేశారు. ఇప్పుడతను ప్రేటర్, ఊళ్లో పెద్ద న్యాయాధికారి. ఎన్నికల్లో గెలిచిన పేరు మాత్రం లార్సియుస్‌ది.

ఈ పొద్దున అతను వస్తున్నాడు. అతని కొడుకును దత్తత అడగాలని సెస్తియా భర్త, ముసలి నుమీసియుస్, నిశ్చయించుకున్నాడు.

అతని వెంట వచ్చిన బంట్రోతులు వాకిట్లోనే ఆగారు. లూసియుస్ లోపలికి రాగానే ముసలాయన కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు.

"మీరు లేవడమేమిటి నాన్నా?"

"అధికారి వస్తే లేవొద్దూ? కన్నతండ్రినని చట్టం ఊరుకుంటుందా?"

సెస్తియా ఆలివ్ పండ్లు, జున్ను పెట్టింది. "తిను నాయనా. చిక్కిపోయావు. మీ ఇంట్లో వండరా ఏం?"

అతను నవ్వాడు. ఆ నవ్వు ఆరకముందే ముసలాయన అడిగేశాడు. "నీ కొడుకుని మాకివ్వరా. మా పేరు నిలబడుతుంది."

"నాకున్నది వాడొక్కడే."

"ఇంకా పుడతారు. నీకు వయసుందిగా."

"నన్నిచ్చినప్పుడు మీకు అన్నయ్య ఉన్నాడు," అన్నాడు లూసియుస్. తల్లివైపు తిరిగాడు. "నన్ను పంపేసిన పొద్దున నువ్వు నాకు కనిపించనేలేదమ్మా."

"కనిపిస్తే నిన్ను వెళ్లనిచ్చేదాన్ని కాదురా." ఇన్నేళ్లుగా ఆమె తనకు తాను చెప్పుకున్న మాటే అది. పైకి అనేసరికి ఎంత చిన్నదైపోయిందో! భర్తవైపు చూసి, "వాణ్ణి అడక్కండి," అంది. "ఇవ్వొద్దు నాయనా. వాడు నీ దగ్గరే పెరగనీ."

"నీకేం? నీ పేరు మీ పుట్టింటిది," అరిచాడు ముసలాయన. "మా పేరు ఆరిపోతే నీకేం పోయింది?"

పోయినవాడు, ఇచ్చేసినవాడు ఇద్దరూ తన కడుపున పుట్టినవాళ్లేనని ఆయనకు చెప్పి ఏం లాభం?

లూసియుస్ లేచాడు. ఒక్క పండైనా ముట్టలేదు. తల్లి చెయ్యి ఒక్క క్షణం పట్టుకుని వదిలేసి, బయటికి వెళ్లిపోయాడు.