ఊది తుడిచిన అద్దం

చలి మొదలయ్యే నాటికి కళ్ళజోళ్ళ వ్యాపారి చేతిలో ఉన్నవి: బజారు మలుపులో ఒక షాపు, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడంలో తిరుగులేని బావమరిది, ఇంట్లో భార్య. వీటిలో ఏది పోతే మళ్ళీ సంపాదించగలను అని లెక్క వేసి చూసుకుంటే, షాపు ఒక్కదానికే ధైర్యంగా జవాబు చెప్పగలిగేవాడు. పోయిన చలికాలం ఫ్లూ జ్వరం భార్య ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆమెను ఆసుపత్రి మంచం దాకా లాక్కెళ్ళింది. ఇంటికొచ్చాక కూడా చాన్నాళ్ళు మెట్లెక్కాలంటే గోడ పట్టుకుని, మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది.

"ఈసారి ఆ జ్వరం మీ గడప దాటకూడదు. ఇద్దరూ టీకా వేయించుకోండి. వేయించుకున్నా జాగ్రత్త మానకండి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

సరుకు ఏ దారిన వస్తుందో పసిగట్టడం వ్యాపారికి అలవాటైన విద్య. జ్వరం కూడా దానంతటది రాదు, ఎవరో ఒకరు మోసుకురావాలి. అందుకని ఆలుమగలు టీకా వేయించుకున్నారు. షాపు గుమ్మంలో సబ్బూ నీళ్ళూ వెలిశాయి. మాస్కు లేనివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. మాస్కు మీద కళ్ళజోడు పెడితే అద్దాలు మసకబారేవి.

"నీ జోడు పెట్టుకున్నాక ఉన్న చూపు కూడా పోయిందయ్యా!" అని ఒక మాస్టారు దెప్పారు.

"ఆ మసక మీ ఊపిరిదండీ, నా జోడుది కాదు" అని వ్యాపారి నవ్వి, గాలి ఆడేలా తలుపులు బార్లా తెరిచాడు.

టీకా దగ్గర మొరాయించింది బావమరిది ఒక్కడే.

"సూదంటే భయమట్రా?"

"భయం కాదు బావా, బద్ధకం. అయినా నా జోలికొస్తే ఆ జ్వరానికే జలుబు చేస్తుంది."

"కోతలకేం తక్కువ లేదు. రేపు వెళ్ళు."

ఆ రేపు రాలేదు. చేతినిండా పని ఉండటంతో వ్యాపారీ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం కాగానే ఇద్దరూ తెర వెనక మాస్కులు తీసేసి, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని, కబుర్లాడుకుంటూ ఒకే క్యారేజీలోంచి తినేవారు. పైగా బావమరిది బిగించిన ప్రతి అద్దం మీదా నోరారా ‘హా’ అని ఊది, గుడ్డతో తుడిచి అందించేవాడు. పని నేర్చుకున్ననాటి నుంచీ ఇద్దరిదీ అదే తీరు. వీధిలో పోయే ప్రతివాడినీ అనుమానించిన మనిషికి, మనవాడు అనుకున్నవాడి మీదికి మాత్రం చూపే పోలేదు.

ఒకరోజు వ్యాపారి, భార్య కళ్ళజోడు కాడ వదులైందని దాన్ని షాపుకు పట్టుకొచ్చాడు. బావమరిది మర బిగించి, అక్కది కదా అని ఇంకాస్త శ్రద్ధగా ఊది, తుడిచి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు వేళ్ళు తగిలాయి.

"ఏరా, ఒళ్ళు కాలిపోతోంది!"

"పొద్దుట్నుంచీ వణుకుతున్నాను బావా. పని ఆగిపోతుందని చెప్పలేదు."

"నీ పని మండ! అక్క సంగతి తెలిసుండీ..."

అంటూండగానే వ్యాపారికి గుర్తొచ్చింది. పని, పని అంటూ పొద్దుట్నుంచీ అరుస్తున్నది తనే.

షట్టరు దించేశాడు. డాక్టరమ్మ బావమరిదిని చూసి ఫ్లూ అనే తేల్చింది. వ్యాపారి భయం భయంగా జేబులోని కళ్ళజోడు చూపించాడు.

"దాన్ని సబ్బుతో కడిగేస్తే సరి. మిమ్మల్ని అలా కడగలేం కదా! రోజంతా ఇతని పక్కనే ఉన్నారు. కొన్నాళ్ళు మీ ఆవిడకు దూరంగా ఉండండి."

బావమరిదిని షాపు పైగదిలో పడుకోబెట్టి, కళ్ళజోడు కడిగి, ఇంటి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. భార్య వాకిట్లోకి వచ్చింది.

"లోపలికి రారేం?"

"మీ తమ్ముడికి జ్వరం. నాకూ అంటుకునే ఉంటుంది. వాడి దగ్గరే ఉండిపోతాను."

ఆమె ముఖం పాలిపోయింది. "ఎలా ఉన్నాడండీ?"

"మందులు పడ్డాయి. కోతలు కొయ్యడానికి ఓపిక లేదు, అంతే."

"మరి షాపు?"

"మూసేశాను."

"ఇంత గిరాకీలో షాపు మూశారా! అయితే మీకు నిజంగానే ఒంట్లో బాగాలేదు."

కళ్ళజోడు గోడ మీద పెట్టి అతను వెనక్కి జరిగాడు. ఆమె తీసి పెట్టుకుని, అతని వైపు చూసింది.

"వెళ్ళండి. కిటికీలు తెరిచి పడుకోండి. ఇద్దరూ పోట్లాడుకోకండి."

మూడోనాటికి వ్యాపారికీ జ్వరం తగిలింది. అతనికి తేలిగ్గానే పోయింది కానీ, బావమరిది మాత్రం బాగా నలిగాడు. రోజూ పొద్దున్నే ఫోన్లో ఒకటే ప్రశ్న: "దగ్గు వచ్చిందా?"

"రాలేదు" అనేది భార్య. ఆ ఒక్క మాట విన్నాకే వ్యాపారి మాత్ర వేసుకునేవాడు.

డాక్టరమ్మ ఇక ఇంటికి వెళ్ళొచ్చు అన్నాక లెక్క చూసుకున్నాడు. ఎప్పటినుంచో వస్తున్నవాళ్ళు కొందరు ఎదురు షాపుకు అలవాటు పడ్డారు. ఇస్తానన్న జోళ్ళు ఆలస్యమై మాట పోయింది. బావమరిది బుగ్గలు లోపలికి పోయాయి. అవన్నీ నష్టం కిందికే వస్తాయి, వాటిలో దాచుకోవడానికేం లేదు.

ఇల్లు చేరేసరికి భార్య ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని మేడమెట్లు ఎక్కుతోంది. అతను కిందే నిలబడి చూశాడు. ఆమె గోడ పట్టుకోలేదు, మధ్యలో ఆగలేదు, పైకి చేరి బట్టలు దులపడం మొదలుపెట్టింది.

లాభం కింద అతను ఆ ఒక్కటే వేసుకున్నాడు.